11 వేల మంది ఫాలోవర్లు, మూడే ఆర్డర్లు: ఇక మానేయాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. ఆమె పుట్టిల్లు శ్రీకాళహస్తి. తండ్రి నలభై ఏళ్లుగా కలంకారీ పని చేస్తున్నారు. పెళ్లయి తిరుపతికి వచ్చాక ఆమె కూడా ఇంటి ముందుగదిలో అదే పని పెట్టుకుని, మరో ఇద్దరు మహిళలతో కలిసి దుపట్టాలు, గోడకు వేలాడదీసే పటాలు, అప్పుడప్పుడు చీరలు వేస్తున్నారు. రంగుల్లో ఉడకబెట్టడం, ఉతకడం మాత్రం కాళహస్తిలో తండ్రి దగ్గరే జరుగుతాయి. ఇన్నేళ్లూ సరుకంతా చెన్నై వ్యాపారి ఒకరు కొనేవారు. రెండేళ్లుగా ఆయన కొనుగోళ్లు సగానికి పడిపోవడంతో, సొంతంగా అమ్ముకుందామని నిరుడు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నడపడానికి ఒక ఏజెన్సీకి మూడు నెలలకు 24 వేల రూపాయలు కట్టారు. వాళ్లు పండగ శుభాకాంక్షల పోస్టర్లు వేశారు, ఎవరివో చీరల ఫొటోలు తెచ్చి పెట్టారు, ఫాలోవర్ల సంఖ్యను 11 వేలకు చేర్చారు. వచ్చిన ఆర్డర్లు మూడు, అందులో రెండు బంధువులవి. ఖాతా పాస్‌వర్డ్ ఇప్పటికీ ఏజెన్సీ చేతిలోనే ఉంది.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఇంకొక్క రూపాయి కూడా ఇవ్వనని భర్త తేల్చి చెప్పేశారు. ప్రకటనలకు డబ్బు పెట్టకుండా ఏదీ అమ్ముడుపోదని మరిది అంటున్నాడు. అందరూ వాడే పాటలు పెట్టి రీల్స్ చేద్దామని ఇంటర్ చదువుతున్న కూతురు పోరు పెడుతోంది. రంగు కట్టే రహస్యాలు ఊరికి చూపిస్తే తిండి పోతుందని తండ్రి భయపడుతున్నారు. ఆమె ఒకసారి ధైర్యం చేసి మాట్లాడిన వీడియో కింద ఎవరో యాసను వెక్కిరిస్తూ కామెంటు పెట్టారు. ఇంకొకరు 600 రూపాయలకు దొరికే దుపట్టాకు 4,500 ఎందుకని నిలదీశారు. ఆనాటి నుంచి ఫోన్ ఎదుట నోరు పెగలడం లేదట. నెలకు 2,500 రూపాయలు, రోజుకు ఒక గంట మాత్రమే పెట్టగలనని, ఈ స్థితిలో మానేసి చెన్నై వ్యాపారినే బతిమాలుకోవాలా, మరో ఏజెన్సీని వెతకాలా, అప్పు చేసి ప్రకటనలు వేయాలా అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో "నాకు చేతకాలేదు" అన్న మాట నాలుగు చోట్ల కనిపించింది. అది చదివి చాలా బాధ కలిగింది, ఎందుకంటే మీరు రాసిన వివరాలు ఆ మాటను ఎక్కడా బలపరచడం లేదు. మీ పనిని జనానికి చూపిస్తే ఎవరూ కొనలేదన్నది మీ అనుమానం. నిజానికి మీ పనిని ఇంతవరకు ఎవరూ జనానికి చూపించనే లేదు. సంక్రాంతి శుభాకాంక్షల పోస్టర్‌లో మీ కలం ఎక్కడుంది? ఇతరుల చీరల ఫొటోల్లో మీ చేతి గీత ఎక్కడుంది? ఆ 11 వేల సంఖ్య సంగతీ అంతే. ఇన్‌స్టాగ్రామ్ కొత్త పోస్టును ముందు కొంతమందికి చూపి, వాళ్లు ఆగి చూస్తే, దాచుకుంటే, ఇంకొకరికి పంపితే మరికొంతమందికి చూపిస్తుంది. ఆ మొదటి వరుసలో ఉన్నవాళ్లు డబ్బిచ్చి తెచ్చిన ఖాతాలైతే, వాళ్లు చూడరు, ఆగరు, పంపరు. అందువల్ల అసలైన కొనుగోలుదారు దాకా మీ పోస్టు చేరకముందే ఆగిపోతుంది. మీరు కొన్న ఆ సంఖ్య సాయం చేయకపోవడమే కాదు, మీ దారికి అడ్డం కూడా పడింది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. మీ ముగ్గురి చేతుల మీదుగా నెలకు సుమారు పది దుపట్టాలు, రెండు నెలలకు ఒక చీర పూర్తవుతాయని మీరే రాశారు. అంటే అంతా సొంతంగానే అమ్మినా మీకు కావలసింది నెలకు పది పన్నెండు మంది కొనేవాళ్లు. రేపు మీ రీల్ ఒకటి లక్షమంది చూసి, అందులో మూడు వందల మంది ధర అడిగారనుకోండి. రోజుకు ఒక గంటే ఉన్న మీరు వాళ్లకు జవాబైనా రాయలేరు, సరుకైతే అసలే ఇవ్వలేరు. జవాబు రానివాళ్లలో కొందరు మోసమని రాసిపోతారు. బట్టల దుకాణానికి, తినుబండారాల వ్యాపారానికి ఎక్కువమంది చూడటం లాభమేమో గాని, చేతిపనికి సరైన కొద్దిమంది చూడటమే లాభం. మీ ఇంట్లో అందరూ ఇచ్చిన సలహాలు ఈ ఒక్క లెక్క వేసుకోకపోవడం వల్లే ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయని నాకు అనిపిస్తోంది.

ముందు ఖాతా సంగతి తేల్చుకోవాలి. మీకు రెండు దారులున్నాయి. ఏజెన్సీకి వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో, తేదీ వేసి, పాస్‌వర్డ్‌తో పాటు ఖాతాకు జతచేసిన ఈమెయిల్, ఫోన్ నంబర్లను మీ పేరుకు మార్చమని రాయడం ఒకటి. వాళ్లు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఇందుకు నెలలు పట్టవచ్చు, మనసు అంతకాలమూ ఆ తగువులోనే ఉంటుంది. రెండో దారి, ఆ ఖాతాను వదిలేసి మీ నంబరుతో కొత్తది తెరవడం. దానికి పైసా ఖర్చు లేదు. పాత ఖాతాలో నిజంగా మీతో మాట్లాడినవాళ్లు యాభై అరవై మందే ఉన్నారని రాశారు. వాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించి కొత్త ఖాతాకు పిలవడం రెండు మూడు రోజుల పని. పాత ఖాతా దక్కినా ఆ దొంగ ఫాలోవర్లను ఏరి తీసివేయడం అంతకంటే పెద్ద పని అవుతుంది. నేనైతే ఈమెయిల్ రాసి పెట్టి, దాని జవాబు కోసం చూడకుండా కొత్తది మొదలుపెడతాను.

ఇక అసలు విషయం. చూపించడానికి ఏముంది అని మీరు అడిగారు. తిరుపతిలో ఏ హోటలు వాళ్లను, ఏ బొటిక్ వాళ్లను అడిగినా వాళ్లకు లేని భాగ్యం మీకు ఉంది. వాళ్ల సరుకు పూర్తయ్యాకే చూపించదగినది. మీ గుడ్డ మాత్రం గంజి పోగొట్టిన రోజు నుంచి చివరి ఉతుకు దాకా ప్రతి దశలోనూ రూపం మారుతుంది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టి ఆరేయడం మీకు రోజూ చూసే పని. పాలలోని కొవ్వు గుడ్డకు పట్టి ఉండటం వల్లే కలం పెట్టినచోట రంగు పాకదన్న సంగతి కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు? చింతపుల్ల బొగ్గుతో మొదటి గీతలు గీయడం, వెదురు కలానికి చుట్టిన గుడ్డ ఉండను వేళ్లతో నొక్కుతూ రంగు వదలడం, ఇవన్నీ ఇరవై ముప్పై సెకన్లలో, మాట లేకుండా కూడా, మనిషిని కట్టిపడేస్తాయి.

మీకు మరీ ముఖ్యంగా రెండు ఘట్టాలు చెబుతాను. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసే నల్లరంగు, అంటే కసిమి, కుండలో చూస్తే అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే అందులోని వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఆ నల్లబడటాన్ని ఫోన్ కదలకుండా దగ్గరగా పట్టుకుని తీయండి. పది సెకన్లు చాలు. రెండోది పటిక. పటిక నీళ్లు పూసిన చోటు పూసినప్పుడు పెద్దగా కనిపించదు, ఆ తర్వాత గుడ్డను ఎరుపునిచ్చే మొక్కల వేళ్లతో కలిపి ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పూసేటప్పుడు ఒక వీడియో, ఉడికి బయటికి వచ్చాక ఒక వీడియో తీసి, మొదటిది సోమవారం పెట్టి "ఇక్కడ ఏ రంగు వస్తుందో చెప్పండి" అని అడిగి, రెండోది శుక్రవారం పెట్టండి. మధ్యలో నాలుగు రోజులు జనం మీ గుడ్డ గురించి ఆలోచిస్తారు. ఏ ఏజెన్సీ అయినా ఇంతకు మించిన ఆలోచన చేయగలదని నేను అనుకోను, ఎందుకంటే ఇది ఎవరో పుట్టించిన ఆలోచన కాదు, మీ పనిలో ముందునుంచే ఉన్న ఉత్కంఠ.

ఇవి తీయడానికి రోజూ గంట అక్కర్లేదు. వారంలో ఒక పూట, పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, కిటికీ పక్కన పని చేస్తూ ఐదారు ముక్కలు తీసి పెట్టుకుంటే వారానికి మూడు పోస్టులకు సరిపోతాయి. ఎండ నేరుగా గుడ్డ మీద పడితే సహజమైన రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పక్క నుంచి వచ్చే వెలుతురులోనే మీ పసుపు పసుపుగా, నీలం నీలంగా ఉంటుంది. మీ భర్త పాత ఫోన్ చాలు, కాకపోతే కెమెరా అద్దం మీద గీతలు పడ్డాయని రాశారు కాబట్టి మొదటి నెల 2,500లో ముందుగా ఆ అద్దం మార్పించండి, ఒక చిన్న స్టాండు కొనండి. తర్వాత మీ గొంతు కలపాలనుకున్నప్పుడు కాలర్‌కు పెట్టుకునే మైకు కొనవచ్చు. లైట్లు, పెద్ద కెమెరా వద్దు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీయండి, ఎందుకంటే రీల్స్, యూట్యూబ్ షార్ట్స్, వాట్సాప్ స్టేటస్ మూడింటికీ అదే వీడియో పనికొస్తుంది.

మీ నాన్నగారి భయాన్ని తీసిపారేయవద్దు. ఆయన చెప్పేదాంట్లో సగం నిజముంది. కసిమిలో బెల్లం, ఇనుము పడతాయన్నది రహస్యమేమీ కాదు. శ్రీకాళహస్తిలో 1950ల్లో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం మొదలైనప్పటి నుంచి ఎందరో నేర్చుకున్నారు, పుస్తకాల్లోనూ ఉంది. కానీ ఎంత బెల్లానికి ఎంత ఇనుము, ఎన్ని రోజులు, ఏ వేళ్లు ఎంతసేపు ఉడకాలి అన్నది ఆయన నలభై ఏళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఆ కొలతలు వీడియోల్లో చెప్పకుండా, జరిగే మార్పును మాత్రం చూపించవచ్చు. దానికి ఆయన ఒప్పుకుంటే, ప్రతి వీడియోనూ పెట్టేముందు ఆయనకే పంపించి, ఆయన సరేనన్నాకే పెట్టండి. దీనివల్ల రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి మంచి ముక్క వదులుకోవలసి వస్తుంది. అయినా ఒప్పుకోకపోతే ఉడకబెట్టే పనిని పూర్తిగా పక్కన పెట్టి, తిరుపతిలో మీ ముందుగదిలో జరిగే గీత పనినే చూపించండి. మీ ఖాతా కొంచెం నెమ్మదిగా ఎదుగుతుంది, తండ్రీకూతుళ్ల మధ్య మాట మాత్రం చెడదు. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో ఆయనను ఎరిగిన మీకే తెలియాలి.

600 రూపాయల దుపట్టా గురించి అడిగిన మనిషి మీద మీకు కోపం రావడం సహజం. కానీ ఆయన అడిగింది కొనేవాళ్లలో చాలామంది మనసులో ఉండి అడగని ప్రశ్న. దానికి కామెంటులో వాదన అక్కర్లేదు, ఒక వీడియో పెడితే సరిపోతుంది. యంత్రంతో అచ్చువేసిన అలాంటి గుడ్డను, మీ గుడ్డను పక్కపక్కన పరచి, ఆ అచ్చులో నెమలి ప్రతిసారీ అచ్చం ఒకేలా రావడం, మీ గుడ్డ మీద ఏ రెండు నెమళ్లూ ఒకటి కాకపోవడం, కలం మొదలైనచోట గీత లావుగా ఉండి చివర సన్నబడటం చూపించండి. ఆ దుపట్టాకు ఎన్ని రోజులు పట్టిందో, ఎన్నిసార్లు ఉతికారో చెప్పి, చివర్లో ధర చెప్పండి. ధరను దాచి "ఇన్‌బాక్స్‌లో అడగండి" అని పెట్టడం మానేయండి. కొనలేనివాళ్లకు, మీకు ఇద్దరికీ సమయం మిగులుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి. కృష్ణా జిల్లా పెడన చుట్టుపక్కల చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం కలంకారీ కూడా అసలైన చేతిపనే, దానికి విడిగా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. కంప్యూటర్ ముద్రణను, స్క్రీన్ ముద్రణను గురించి చెబుతూ పొరపాటున "అచ్చు వేసినవన్నీ నకిలీ" అన్నారంటే అక్కడి కష్టజీవుల పొట్ట మీద కొట్టినట్టవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీకీ ఆ గుర్తింపు ఉంది కాబట్టి, మీ నాన్నగారి పేరునో మీ పేరునో అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకుంటే ఆ మాటను లేబుల్ మీద, ఖాతా మీద హక్కుగా రాసుకోవచ్చు.

మీ అమ్మాయి ఉత్సాహాన్ని వదులుకోకండి, పని మాత్రం మార్చండి. సినిమా పాటలు వ్యాపార ఖాతాల్లో చాలావరకు దొరకవు, వ్యక్తిగత ఖాతాలో పెట్టి అమ్మకాలు చేస్తే హక్కుల గొడవ వచ్చి వీడియో మూగబోవచ్చు, లేదా తీసేయవచ్చు. పైగా పాట వింటున్నవాడు గుడ్డను చూడడు. ఆమెకు ముక్కలు కత్తిరించి అతికించడం, తెలుగు, తమిళ అక్షరాలు వేయడం అప్పగించండి. తిరుపతికి వచ్చే యాత్రికుల్లో తమిళనాడు, కర్ణాటకల వాళ్లు ఎందరో ఉంటారు. చెన్నై వ్యాపారితో ఇన్నేళ్లు మాట్లాడిన మీకు తమిళం కష్టం కాదు కూడా. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఇంటి పనిగదిని ఉచితంగా నమోదు చేసి, ఫోన్ చేసి రావలసిన వేళలు రాసిపెడితే దర్శనం అయ్యాక ఊళ్లో ఒక పూట ఉన్నవాళ్లలో కొందరైనా వెతుక్కుంటూ వస్తారు. ఇంటికి కొత్తవాళ్లు రావడం మీ అత్తగారికి ఇష్టం లేకపోతే ఇది వదిలేయండి. ఇక కొండ మీద గుడి ముందు దుపట్టా వేసుకుని రీల్ తీద్దామని అమ్మాయి అందని రాశారు. అది వద్దే వద్దు. ఆలయ పరిసరాల్లో రీల్స్ తీయడంపై దేవస్థానం హెచ్చరించే ఉంది, అదీగాక అక్కడికి మనం వెళ్లే పని వేరు.

కొనడానికి ముందుకు వచ్చినవాళ్లను ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంచకుండా వాట్సాప్ బిజినెస్‌కు తీసుకురండి. అది ఉచితం, అందులో మీ దుపట్టాల పట్టికను ఫొటో, ధరలతో పెట్టుకోవచ్చు. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు, కానీ మీ నంబరును ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. అందుకే కొన్న ప్రతి ఒక్కరినీ నంబరు దాచుకోమని అడగండి. నెలకు పది మంది చాలనుకున్న వ్యాపారానికి రెండు వందల మంది నిజమైన మనుషుల జాబితా ఆ 11 వేల కంటే ఎన్నో రెట్లు మేలు. డబ్బు మీ బ్యాంకు ఖాతాలో కనిపించాకే సరుకు పంపండి. చెల్లించినట్టు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే.

మీ మరిది చెప్పిన ప్రకటనలు తప్పని నేను అనను. వేళ కాలేదంటాను. మూడు నెలల్లో ఏదో ఒక వీడియో దానంతటదే మిగతావాటికంటే ఎక్కువమందిని ఆపుతుంది. అప్పుడు ఆ ఒక్కదానికే రోజుకు వంద రూపాయల చొప్పున పది రోజులు, "సందేశాలు రావాలి" అన్న లక్ష్యంతో, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి ఊళ్లు ఎంచుకుని వేసి చూడండి. వెయ్యి రూపాయలకు 18 శాతం జీఎస్టీ కలిసి 1,180 అవుతుంది. ఒక్క దుపట్టా అమ్ముడుపోయినా మీ చేతికి వచ్చినట్టే, పోకపోతే నష్టం అంతటితో ఆగుతుంది. అప్పు తెచ్చి ఇప్పుడే వేస్తే, చూపించడానికి సరైన వీడియో లేకుండానే ఆ డబ్బు కరిగిపోతుంది, ఇంట్లో రెండో గొడవ మొదలవుతుంది.

ఇంకో ఏజెన్సీ గురించి ఇప్పుడు ఆలోచించవద్దనే నా అభిప్రాయం. మూడు నెలల తర్వాత కూడా కత్తిరింపు పని మీకూ అమ్మాయికీ భారంగానే ఉంటే, మన విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లల్లో ఎవరినైనా నెలకు రెండు రోజులు పిలిపించుకోవచ్చు. ఈసారి ఖాతా, పాస్‌వర్డ్, తీసిన వీడియోలన్నీ మీవేనని కాగితం మీద రాసుకున్నాకే డబ్బివ్వండి. చెన్నై వ్యాపారిని మాత్రం వదులుకోకండి. ఆయన కొనే సగం మీ ఇద్దరు పనివాళ్ల కూలికి భరోసా. కొంత సరుకు ఆయనకు, కొంత లేపాక్షి దుకాణాల వంటి ప్రభుత్వ అమ్మకపు కేంద్రాలకు, నాలుగైదు మాత్రమే సొంత అమ్మకానికి పెట్టుకుంటే ఆన్‌లైన్ ఒక నెల చల్లబడినా ఇంటి ఖర్చు ఆగదు. మీరు సొంతంగా అమ్మే ధర ఆయన దుకాణంలో అమ్మే ధర కంటే మరీ తక్కువైతే ఆయన నొచ్చుకుంటారు, ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

మీ భర్త కోపంలో 24 వేలు పోయిన బాధ ఉంది, మీ మీద అపనమ్మకం ఉందని నాకు అనిపించలేదు. ఇంటి డబ్బు అడగకుండా, ఒక దుపట్టా మీద మిగిలిన దానిలోంచే ఆ 2,500 తీసుకుంటానని, మూడు నెలలకు లెక్కల పుస్తకం ఎదుట పెట్టి కొనసాగించాలో ఆపాలో ఇద్దరం కలిసి తేల్చుకుందామని చెప్పి చూడండి. ఆయన ఒప్పుకోకపోతే ఖర్చు లేని పని, అంటే ఉన్న ఫోన్‌తో తీయడం, వాట్సాప్ జాబితా కట్టుకోవడం, అది మాత్రం ఆగనక్కర్లేదు.

చివరగా మీ గొంతు. మొదటి నెలంతా ముఖం, గొంతు లేకుండా చేతులే చూపించండి. రెండో నెలలో, ఎవరూ లేనప్పుడు, బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చుని, వీడియో తీస్తూ కాకుండా విడిగా గొంతు ఒక్కటే రికార్డు చేసి తర్వాత అతికించండి. గుడ్డలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి, తప్పు పోతే మళ్లీ చెప్పవచ్చు, ఎవరూ చూడటం లేదు కాబట్టి గుండె దడ తగ్గుతుంది. యాస మార్చుకోవద్దు. "మా నాయన ఇట్లనే గీస్తా ఉన్నాడు, నేనూ అట్లనే గీస్తా ఉండా" అని మీ నోట వచ్చే మాటలోనే మీరు కాళహస్తి మనిషని, ఈ పని మీ ఇంటిదని వినేవాళ్లకు తెలుస్తుంది. వార్తలు చదివే భాషలో చెబితే అది ఏ దుకాణం ప్రకటనైనా కావచ్చు. వెక్కిరించే కామెంటు మళ్లీ వస్తే జవాబివ్వకుండా దాచేయండి. అలాంటి మాటలు మీకు కనిపించకుండా వడపోసే సదుపాయం ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో ఉంది, అమ్మాయికి చెబితే ఐదు నిమిషాల్లో పెట్టేస్తుంది. మొదటి గొంతు వీడియోకు కసిమి గీత నల్లబడే ఆ పది సెకన్లనే వాడండి, ఈ ఆదివారం కాళహస్తి వెళ్లినప్పుడు అది మీ నాన్నగారి చేతి మీదే తీయడానికి ఆయనను అడిగి చూడండి.